పడ్డ పెద్దవాళ్లను మంచానికి కట్టేయొద్దు

సంపాదకులకు,

అయ్యా,

పెద్దవాళ్లు జారిపడితే మన ఇళ్లల్లో జరిగే తంతు దాదాపు ఒకటే. ఎక్స్‌రే తీయిస్తారు. ఎముక విరగలేదంటే ‘హమ్మయ్య’ అనుకుంటారు, విరిగితే ఆపరేషనో కట్టో అవుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఒక ఆజ్ఞ పుడుతుంది: ‘ఇంక నువ్వేం ముట్టుకోకు, ఓ పక్కన కూర్చో.’ ప్రేమతో అన్న మాటే, కాదనం. కానీ రెండోసారి పడేసేది చాలాసార్లు ఈ మాటే. హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి వృద్ధులకు ఫిజియోథెరపీ, నర్సింగ్ చేసేవాళ్లం కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైతే కత్తిరించుకోండి, బాత్రూమ్ భాగం మాత్రం వదలొద్దని మనవి.

పది రోజులు మంచం మీద ఉంటే ఏమవుతుందో అమెరికాలో కొలిచి చూసి 2007లో ప్రకటించారు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు పడకకే పరిమితం చేస్తే ఒక్క కాళ్లలోంచే దాదాపు కిలో కండ పోయింది. అలాంటప్పుడు దెబ్బ తగిలినవాళ్లు, షుగరున్నవాళ్లు, పొద్దున రెండు ఇడ్లీలు, రాత్రి పెరుగన్నంతో సరిపెట్టుకునేవాళ్లు ఎంత పోగొట్టుకుంటారో ఊహించండి. మనిషిని కుర్చీలోంచి లేపేది ఆ కండే. తూలినప్పుడు ఒక అడుగు ముందుకు వేయించి ఆపేదీ అదే.

దానికి భయం తోడవుతుంది. భయపడ్డ మనిషి పాదాలు నేలకు రాస్తూ, చూపు కాళ్ల మీదే పెట్టి, గోడ తడుముకుంటూ నడుస్తారు. పాదం ఎత్తకపోతే గడప తగులుతుంది. కిందికే చూస్తే ఎదురుగా పరుగెత్తుకొచ్చే మనవడు కనిపించడు. భయం వల్ల కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గితే కాళ్లు బలహీనమవుతాయి, బలహీనమైన కాళ్లు మళ్లీ పడేస్తాయి. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని, అందులో 80 శాతానికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చావు దాకా రానివి ఇంట్లోవాళ్లకే తెలియవు.

ఎందుకంటే ‘పడ్డవా?’ అని అడిగితే ‘లేదు బిడ్డా’ అంటారు. చెబితే బయటికి పోనివ్వరు, తానం కూడా ఆయాతో చేయిస్తారు, ఉద్యోగం వదిలి కొడుకు విమానమెక్కి వస్తాడు. ఇన్ని భయాలు ఆ ‘లేదు’ వెనక ఉంటాయి. కాబట్టి ప్రశ్న మార్చాలి. ‘ఈ నెలలో ఎక్కడన్నా తూలి, ఏదన్నా పట్టుకొని ఆగినవా అమ్మా?’ అనాలి. ‘ఇదివరకు చేసి ఇప్పుడు మానేసిన పని ఏంది?’ అనాలి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబే అసలైనది. పడతామనే భయాన్ని కొలవడానికి 16 ప్రశ్నల పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక్కో పనికి ఒకటి నుంచి నాలుగు మార్కులు. మొత్తం 16 వస్తే దిగుల్లేదు, 64 దాకా పోతే మనిషి భయంతో బిగుసుకుపోయినట్టే. స్నానం, మెట్లతో పాటు చుట్టాలింటికి వెళ్లడం, వేడుకకు వెళ్లడం కూడా అందులో ఉన్నాయి. పెళ్లికి రమ్మంటే ‘నాకు ఓపిక లేదు, మీరు పోయి రండి’ అనే మాటలో ఓపిక ఎంత, భయమెంత అని ఎవరూ విడదీసి చూడరు.

కుంగుబాటు ఈ సందులోంచే లోపలికి వస్తుంది. 2017-18లో వృద్ధాప్యం మీద దేశమంతటా జరిగిన ‘లాసీ’ సర్వేలో 60 దాటినవాళ్లలో 8.3 శాతం మందికి కుంగుబాటు ఉన్నట్టు తేలింది. తమకు ఆ జబ్బు ఉందని డాక్టరు చెప్పారన్నవాళ్లు 0.8 శాతమే. మిగతావాళ్ల సంగతి డాక్టరు దాకా పోలేదన్నమాట. మన పెద్దవాళ్లు ‘నాకు దిగులుగా ఉంది’ అనరు. ‘ఒళ్లంతా గుంజుతుంది’, ‘నోటికి ఏదీ సయిస్తలేదు’, ‘రాత్రి మూడింటికే మెలకువొస్తది’, ‘టీవీ పెట్టినా మనసు పోతలేదు’ అంటారు. ఇంట్లోవాళ్లు నొప్పికి మాత్ర, ఆకలికి సిరప్పు, నిద్రకు ఇంకో మాత్ర తెస్తారు. అవునో కాదో చెప్పే 15 ప్రశ్నలతో పెద్దవాళ్ల కుంగుబాటును చూసే పద్ధతి ఉంది, ఐదు నిమిషాల పని. ఐదు అంతకు మించి మార్కులు వస్తే మానసిక వైద్యుణ్ని కలవాలి. ‘ఇంక బతికి ఏం లాభం’ అనే మాటను ముసలితనపు చాదస్తంగా కొట్టిపారేయొద్దు. ‘చనిపోవాలని అనిపిస్తుందా?’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో ఉన్న మాత్రల డబ్బాలను అందకుండా తీసేసి, అదే రోజు సాయం పిలవండి.

కుంగుబాటు మందులు కూడా మొదటి వారాల్లో కొందరిని తూలేలా చేస్తాయి, ఒంట్లో సోడియం తగ్గిస్తాయి. అంతమాత్రాన మందు మానేయడం తెలివి కాదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రెండు వారాలకు సోడియం పరీక్ష రాసి, నిలబెట్టి బీపీ చూడమని అడగండి.

లాక్కున్న పనులను తిరిగి ఇవ్వడమే మా దృష్టిలో చికిత్సలో సగం. ఏ పని ఇవ్వాలో కొడుకూ కోడలూ తేల్చకూడదు, ఆ పెద్దావిడే చెప్పాలి. గుడికి పోవడం కావాలంటే దాన్నే ముక్కలు చేయండి: మూడు రోజులు గేటు దాకా, మరో మూడు రోజులు వీధి మలుపు దాకా, తర్వాత మలుపులో ఉన్న కిరాణా దుకాణం దాకా, ఆ పైన గుడి. ప్రతి మజిలీలో కూర్చునే చోటు ఒకటి ముందే చూసుకోండి. తోడు వెళ్లేవాళ్లు బలహీనమైన కాలి వైపు అర అడుగు వెనకగా నడవాలి. మన అలవాటు చేయి పట్టుకొని పైకి గుంజడం. అలా గుంజితే ఆ మనిషి బరువు ఒక పక్కకు పోయి నిలకడ చెడుతుంది. మీ ముంజేయి చాపండి, దాన్ని వాళ్లు పట్టుకుంటారు. వంటింటి పనైతే, పొయ్యి దగ్గర నిలబడటం కష్టమనిపించినా టేబుల్ ముందు కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీయడం, పప్పు ఏరడం ఉండనే ఉన్నాయి. అయితే ఆమె ఏరిన పప్పును కోడలు మళ్లీ ఏరితే మాత్రం మొత్తం వ్యవహారం చెడిపోతుంది.

వ్యాయామం అనగానే పార్కులో చుట్లు గుర్తొస్తాయి. నడక మంచిదే, కానీ ఒట్టి నడక పడిపోవడాన్ని తగ్గిస్తుందని గట్టిగా రుజువు కాలేదు. రుజువైంది కాళ్ల బలానికి, నిలకడకు చేసే వ్యాయామం. ప్రయోగాలన్నిటినీ కలిపి 2019లో లెక్క తీస్తే వ్యాయామంతో పడే సందర్భాలు సుమారు 23 శాతం తగ్గాయి. ఇంట్లో చేయడానికి పదిహేడు పద్దెనిమిది అంగుళాల ఎత్తున్న గట్టి చెక్క కుర్చీ చాలు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, నొక్కగానే వెనక్కి జరుగుతుంది. కుర్చీని గోడకు ఆనించి, పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి లేవాలి. చాలామంది వంగకుండా నిటారుగా లేవబోయి వెనక్కి కూలబడతారు, కాళ్లలో బలం లేదనుకుంటారు. మొదట చేతులు ఆనించి ఐదుసార్లు, వారం పది రోజులకు పదిసార్లు, ఆ తర్వాత చేతులు ఛాతీ మీద కట్టుకొని. వంటింటి గట్టు పట్టుకొని మడమలు ఎత్తడం పదిసార్లు, గట్టు వెంబడే పక్కకు అడుగులు అటు పది ఇటు పది. ఒక పాదం మడమకు వెనక నుంచి ఇంకో పాదం వేళ్లు తాకేలా నిలబడి పది సెకన్లు. పట్టు కోసం గట్టు చేతికందేలా ఉండాలి. వారానికి మూడు రోజులు, నెలల తరబడి. ఆపేస్తే లాభం పోతుంది. తుంటికి, మోకాలికి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం మొదలుపెట్టే ముందు తమ సర్జన్‌ను అడగాలి.

తిండి మాట ఒక్కటి. యాభై కిలోల మనిషికి రోజుకు యాభై గ్రాముల దాకా ప్రొటీను కావాలి. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు. మిగతా లెక్క మీరే వేసుకోండి, చారన్నంతో కుదరదు. విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లను డాక్టరు ఎన్ని వారాలకు రాశారో చూడకుండా ఏళ్ల తరబడి వాడేవాళ్లున్నారు. ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగంలో పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది.

ఇక బాత్రూమ్. నగరంలో చాలా ఇళ్లల్లో దీని గుమ్మం దగ్గర నాలుగైదు అంగుళాల గట్టు ఉంటుంది, నీళ్లు బయటికి రాకుండా. ఆ గట్టు ఎక్కి తడి టైలు మీద కాలు దింపే క్షణంలో మనిషి ఒంటికాలి మీద ఉంటాడు. పట్టుకోవడానికి దొరికేది తువాలు కడ్డీ. దానికి తువాలు బరువే ఎక్కువ. అందుకే మొదటి పట్టుకమ్మీ ద్వారం పక్కన నిలువుగా, రెండోది కమోడ్ పక్కన అడ్డంగా వేయించాలి. కమ్మీ మందం 32 నుంచి 38 మిల్లీమీటర్లు, గోడకూ కమ్మీకీ మధ్య సందు అంగుళంన్నర. సందు ఎక్కువైతే జారినప్పుడు చేయి లోపల ఇరుక్కొని ముంజేయి విరుగుతుంది. ఎత్తు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలని రాస్తారు. అది పొడగరుల దేశాల కొలత, ఐదడుగుల లోపు అమ్మమ్మకు రెండు మూడు అంగుళాలు కిందికి రావాలి. ఆమెను కమోడ్ మీద కూర్చోబెట్టి, చేయి చాపించి, పెన్సిల్‌తో గుర్తు పెట్టాక మేస్త్రీని పిలవండి.

బిగించడంలోనే అసలు పొరపాట్లు. గాలి పీల్చుకొని అతుక్కునే రబ్బరు కప్పుల కమ్మీలు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి, మనిషి బరువుకు ఊడొస్తాయి. కొనొద్దు. మరలు టైలును, ప్లాస్టరును దాటి ఇటుకలోకి కనీసం రెండంగుళాలు దిగాలి. టైలు పగలకుండా మొదట డ్రిల్లు మిషన్‌లో సుత్తి దెబ్బ ఆపేసి మెల్లగా తొలిచి, ఇటుక తగిలాకే దెబ్బ వాడాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు తేలిక బ్లాకులవి, వాటిలో మామూలు ప్లాస్టిక్ గిట్టీలు నిలవవు. ఆ బ్లాకులకని ప్రత్యేకంగా వచ్చే బిగింపులైనా కావాలి, గోడ అవతలి వైపు పలక పెట్టి బోల్టైనా వేయాలి. లోపల నీళ్ల పైపు ఎటు పోయిందో ముందే కనుక్కోండి. అంతా అయ్యాక ఇంట్లో బరువైన మనిషి వేలాడి చూడాలి. 110 కిలోలు లాగినా కదలకూడదు.

ఆరంగుళాల పీట మీద కూర్చుని తానం చేయడం మన అలవాటు. లేవడానికి అంతకంటే కష్టమైన ఆసనం లేదు. రబ్బరు పాదాలున్న, నీళ్లు కారే రంధ్రాలున్న, పద్దెనిమిది అంగుళాల ఎత్తు స్టూలు పెట్టండి. అప్పుడు బకెట్టు కిందే ఉండిపోతే మగ్గు మగ్గుకూ వంగాలి, తల తిరుగుతుంది. బకెట్టునూ పన్నెండు పదిహేను అంగుళాల గట్టు మీదికి ఎక్కించండి, లేదా చేతి షవరు పెట్టించండి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే బస్తీల్లో బాత్రూమ్‌లోనే డ్రమ్ములు, నేల మీద రబ్బరు పైపు. ఆ పైపు చుట్టి మేకుకు తగిలించాకే పెద్దవాళ్లు లోపలికి వెళ్లాలి. జారని మ్యాటు కొంటే సరిపోదు. వారానికోసారి తిరగేసి సబ్బు జిగురు కడగకపోతే అదే జారుడుబండ అవుతుంది. తలంటు రోజు ఇంకా జాగ్రత్త, నూనె నేల మీద కనిపించదు.

తలుపు గురించి ఎవరూ ఆలోచించరు. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే బయటివాళ్లు తోయలేరు, తోస్తే ఆ మనిషికే తగులుతుంది. వడ్రంగితో బయటికి తెరుచుకునేలా తిప్పించడం సగం రోజు పని. అదీ కాదంటే లోపలి గడియ తీసేసి, బయటి నుంచి నాణెంతో తిప్పగలిగే తాళం పెట్టండి. మర్యాద కోసం తలుపు మీద తువాలు వేస్తే లోపల మనిషి ఉన్నట్టు గుర్తు.

మెట్ల సంగతి. నున్నటి గ్రానైటు మెట్లన్నీ ఒకే రంగులో ఉంటే అంచు ఎక్కడుందో కంటికి తెలియదు, అందులోనూ రెండు చూపుల కళ్లద్దాల కింది భాగం మెట్టును మసక చేస్తుంది. ప్రతి మెట్టు అంచున రెండంగుళాల పసుపు పట్టీ అతికించండి. మెట్లు దిగడానికి దూరపు చూపు అద్దాలు వేరుగా ఉంచుకోండి. శుక్లం ముదిరితే ఆపరేషన్ వాయిదా వేయకండి. ఇంటి ముందు రోడ్డును తవ్వకుండా పొర మీద పొర పోస్తూ పోవడం వల్ల గేటు దగ్గర చివరి మెట్టు ఎత్తు మిగతావాటితో కలవదు. కాలు తప్పేది అక్కడే. ఫంక్షన్ హాళ్లలో పెళ్లి స్టేజీ మెట్లకు కనీసం ఒక పక్కైనా కమ్మీ ఎందుకు ఉండదో మాకు ఇప్పటికీ అంతుపట్టదు. అక్షింతలు వేసేది ఎక్కువగా పెద్దవాళ్లే కదా.

కర్ర కొనేటప్పుడు చెప్పులు వేసుకొని నిలబడి, చేతులు వదిలేస్తే మణికట్టు గీత ఎక్కడికి వస్తుందో అంత ఎత్తు ఉండాలి. పట్టుకోవలసింది నొప్పి లేని వైపు చేత్తో. ఎక్కువమంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. కింది రబ్బరు బుడిపె అరిగి నున్నగా అయితే మార్చండి.

రాత్రిపూట, తెల్లవారుజామున పడేవాళ్లకు నేల కంటే బీపీ ముఖ్యం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే లేచినప్పుడు బీపీ పడిపోతున్నట్టే. బీపీ, ప్రొస్టేటు మాత్రలు, నిద్రమాత్రలు, జలుబు సిరప్పులు, షుగరు పడిపోయేలా చేసే మాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకొని డాక్టరు ముందు కుమ్మరించండి. నిద్రమాత్రను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, కొద్దికొద్దిగా తగ్గించాలి. మూత్రం ఎక్కువ చేసే మాత్ర పొద్దుటి పూటకు మార్చవచ్చేమో అడగండి. మంచం దిగే ముందు అంచున కూర్చుని పాదాలు పది ఇరవైసార్లు ఆడించి, అప్పుడు లేవాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిలో చిన్న దీపం వెలుగుతూ ఉండాలి.

పడినప్పుడు చంకల కింద చేతులేసి ఒక్కసారి లేపకండి. తుంటి విరిగితే చాలాసార్లు ఆ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. అలా ఉంటే కదపకుండా 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి నోటికి ఏమీ ఇవ్వొద్దు. తుంటికి నాటు కట్టు పనికిరాదు, నూనె మర్దన అసలే వద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నా స్కాన్ తీయించాలి. రోజుల తర్వాత కూడా మత్తుగా, పొంతన లేకుండా మాట్లాడుతుంటే మళ్లీ వెళ్లాలి. దెబ్బ లేదని తేలితే వాళ్లే లేవగలరు: పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, గట్టి కుర్చీ దాకా పాకి, బలమైన కాలి పాదం ముందుకేసి, తోసుకొని తిరిగి కూర్చోవాలి. దీన్ని బాగున్న రోజుల్లోనే పరుపు మీద అభ్యాసం చేయిస్తే భయం సగం తగ్గుతుంది. లేవడం తెలిసిన మనిషి పడటానికి అంతగా బెదరరు.

ఒంటరిగా ఉండేవాళ్లకు పిల్లలు హాల్లో కెమెరా పెట్టి నిశ్చింతగా ఉంటున్నారు. కెమెరా బాత్రూమ్‌లో ఉండదు, ఫోను వంటింటి గట్టు మీద ఉంటుంది. నేల మీద గంట దాటి పడి ఉంటే ఒళ్లు ఒరుసుకుపోతుంది, కండరాలు దెబ్బతిని కిడ్నీలకు ముప్పు వస్తుంది. ఫోను మెడలో సంచిలో ఉండాలి, స్నానానికి వెళ్లేటప్పుడు బాత్రూమ్‌లోనే చేతికందే తడవని చోట ఉండాలి. పక్కింటివాళ్లతో రోజూ ఒక వేళ అనుకోండి: ఎనిమిదింటికి పాల ప్యాకెట్ ఇంకా తలుపు బయటే ఉంటే వచ్చి పిలవాలని.

చివరగా పత్రికకు ఒక విన్నపం. పెద్దవాళ్ల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాయి. రెండిట్లోనూ తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబర్లను 108తో కలిపి రోజూ బంగారం, వెండి ధరల పక్కన, కత్తిరించుకునే వీలుగా, కాస్త పెద్ద అక్షరాల్లో వేయగలరా? కత్తిరించినవాళ్లు దాన్ని గోడకు కంటి ఎత్తులో అంటించొద్దు. నేల మీద పడి ఉన్నా చదవగలిగేంత కిందికి అంటించాలి.

ఇట్లు,
ఇళ్లకు వెళ్లి వృద్ధులకు సేవలందించే ఫిజియోథెరపిస్టులు, నర్సులు,
హైదరాబాద్